ఆరోగ్యము, ఆటపాటలు, మన పెరటి స్థలము

(బరంపురమున మన సంఘ సర్వసభ్య సమావేశములో ఒక వర్తక సభ్యుడు చేసిన ప్రసంగపాఠము)



ఆరోగ్యమును గూర్చియు, వినోదమును గూర్చియు నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను వైద్యుడను కాను, క్రీడాకారుడను కాను, నా చదువు మెట్రిక్కుతోనే ముగిసినది. పెద్దబజారులో అప్పడములు, ఊరగాయలు అమ్ముకొని జీవించుచున్న సామాన్య వర్తకుడను. ఉప్పును, కారమును తూచి అమ్మువాడు ఆరోగ్యమును గూర్చి ప్రసంగించుట మీలో కొందరికి నవ్వు తెప్పింపవచ్చును. నవ్వుడు. నవ్వు కూడ ఆరోగ్యమునకు మంచిదే యందురు. అయితే ఇరువది యేండ్లకు పైగా గల్లాపెట్టె యెదుట కూర్చుండి, వచ్చిపోవువారి నడకను, ఆయాసమును, ముఖవర్ణమును చూచుచున్నవానికి కూడ కొంత అనుభవ ముండును. ఆ అనుభవమునే మీ ముందుంచెదను.

మరొక మాట. నేటి సమావేశములో నా ప్రసంగము ముగిసిన తరువాత మన భవనము వెనుకనున్న ఖాళీ స్థలమును గూర్చి తీర్మానము రానున్నదని మీరందరు ఎరుగుదురు. అచట ఆరు దుకాణపు గదులు కట్టించి బాడుగల కిచ్చిన సంఘమునకు నెలనెల ఆదాయము వచ్చునని ఆ తీర్మానము సారాంశము. ఆరోగ్యముపై ప్రసంగ మొకటి, స్థలముపై తీర్మానము మరొకటి: పైకి ఇవి రెండు వేరు విషయములుగా కనబడును. నాకు మాత్రము అవి రెండు ఒక్కటిగానే తోచుచున్నవి. ఏల తోచుచున్నవో మనవి చేసెదను.

మొదట మన దినచర్యను చూడుడు. ఉదయము ఎనిమిది గంటలకు అంగడి తెరచితిమా, రాత్రి తొమ్మిది గంటలవరకు కూర్చున్న చోటు కదలము. మా తండ్రిగారి కాలమున వర్తకుడనగా నడచువాడు. సరకు చూచుటకు నడచెను, బాకీలు వసూలు చేయుటకు నడచెను, సంతకు నడచెను, బస్తా దింపునపుడు కూలివానితో పాటు తానును చేయి వేసెను. నేడు సరకు ఫోను మీద వచ్చును. బస్తా కుర్రవాడు దింపును. సొమ్ము తీసుకొనుటకు చేయి చాపవలసిన పని కూడ లేదు. బల్లపై నున్న గళ్ళ బొమ్మకు కొనువాడు తన ఫోను చూపినంతనే సొమ్ము జమయై, అయినదని పెట్టె యొకటి గట్టిగా చెప్పును. ఇది మంచిదే. వర్తకమునకు ఎంతో సౌకర్యము. కాని ఈ సౌకర్యములన్నియు కలిసి మన కాళ్ళకు పని లేకుండ చేసినవి.

"కూర్చుండి తినిన కొండలైనను కరుగును" అని మన పెద్దల సామెత. ధనమునకు సంబంధించినంతవరకు ఆ మాట నేటికిని నిజమే. శరీరమునకు సంబంధించినంతవరకు మాత్రము కూర్చుండి తినినచో కొండలు కరుగుట లేదు, పెరుగుచున్నవి! ఆ కొండ ఎచట పెరుగునో ముందువరుసలో కూర్చున్న నా తోడి వర్తకులకు నేను చెప్పనక్కరలేదు.

పరిహాసము చాలు. భారత వైద్య పరిశోధన మండలివారు దేశవ్యాప్తముగా జరిపిన పరిశీలన ఫలితములు 2023లో వెలువడినవి. వాటి ప్రకారము మన దేశమున మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షలమంది; ఆ వ్యాధి గడపవరకు వచ్చినవారు మరి 13 కోట్ల 60 లక్షలమంది. పెద్దవారిలో నూటికి 35 మందికి పైగా రక్తపోటు గలదు. ఈ అంకెలు పత్రికలో చదివినప్పుడు ఎవరో అన్యుల సంగతివలె తోచును. మా వరుసలోని అంగళ్ళను లెక్కించినప్పుడు అట్లు తోచదు. గడచిన ఎనిమిదేండ్లలో మా వరుసలో ముగ్గురు వర్తకులు ఏబది యేండ్లు నిండకముందే గుండెపోటుతో పోయిరి. అందొకరు అంగడిలోనే, లెక్క చూచుచు చూచుచు ప్రక్కకు ఒరిగిరి. ఆయనకు రక్తపోటు ఉన్నదని అంతకుముందు ఎవ్వరికిని తెలియదు, ఆయనకును తెలియదు. ఎన్నడును చూపించుకొనలేదు. ఆయన చిట్టా ఆవర్జాలలో పైస తప్పు లేదు. తన శరీరపు లెక్క మాత్రము ఒక్క మారును తీసి చూచుకొనలేదు.

కావున నా మొదటి మనవి ఇది. ముప్పది యేండ్లు దాటిన ప్రతివారును ఏడాదికొక మారైనను రక్తపోటు, రక్తములోని చక్కెర చూపించుకొనవలెను. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ముప్పది దాటినవారికి ఈ పరీక్షలు ఉచితముగా చేయు ఏర్పాటు గలదు. మన ఊరిలోనే మహారాజా కృష్ణచంద్ర గజపతిగారి పేర 1962లో వెలసిన వైద్యకళాశాల గలదు. దూరమను సాకు లేదు, డబ్బు ఖర్చను సాకు లేదు. తీరిక లేదను సాకు మాత్రము మిగిలినది. అంగడి మూసి పెండ్లికి పోవుటకు మనకు తీరిక దొరకును. అంగడి మూసి వైద్యునియొద్దకు పోవుటకు దొరకదు!

రెండవది నడక. వారమునకు కనీసము 150 నిమిషములు చురుకైన నడకవంటి శ్రమ పెద్దవారికి అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. వర్తకుని లెక్కలో చెప్పవలెనన్న, రోజుకు అరగంట చొప్పున వారమునకు ఐదు రోజులు. రామలింగం చెరువు గట్టున తెల్లవారుజామున నడచువారిని చూచుచున్నాను. వారిలో మన వర్తకులు ఎందరున్నారో వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. రాత్రి ఆలస్యముగా పడుకొనువారము. తెల్లవారుజామున లేవలేమని మన వాదము. అది కొంతవరకు న్యాయమే. అందువలననే సాయంకాలపు గంటను గూర్చి తరువాత మాటాడెదను.

మూడవది భోజనము. ఇచట నా వర్తకమునకు నేనే అడ్డు వచ్చుచున్నాను. రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి మాట. ఐదు గ్రాములనగా ఒక చిన్న చెంచాడు. అన్నము, కూర, పులుసు, ఊరగాయ, అప్పడము అన్నియు కలిపి! ఆవకాయకు ఉప్పు, కారము, ఆవపిండి ఇంచుమించు సమపాళ్ళలో పడును. ఉప్పు తగ్గించిన ఊరగాయ బూజు పట్టును. కావున ఊరగాయలో ఉప్పు తగ్గించుట నా వశము కాదు; విస్తరిలో ఊరగాయ తగ్గించుట మీ వశము. "నంజుకొనుట" అను చక్కని మాట మన భాషలో గలదు. వ్రేలి కొనతో కొంచెము తీసి నాలుకకు రుచి చూపుట దాని అర్థము. అన్నమును ఊరగాయలో ముంచుట కాదు. అప్పడము పండుగనాటి వస్తువుగా నున్నంతకాలము ఎవరికిని కీడు చేయలేదు. ప్రతిపూట పప్పులోనికి చేరినపుడే చిక్కు. "ఇట్లు చెప్పినచో మీ అంగడి సాగునా?" అని మా పొరుగు వర్తకులు నన్నడిగిరి. కొనువాడు ఎనుబదియేండ్లు బ్రతికి కొంచెము కొంచెముగా కొనుట, ఏబదియేండ్లకే పోయి కొనుట మానుటకంటె నాకే లాభమని చెప్పితిని.

మన పాతవంటలను గూర్చి సిగ్గుపడనక్కరలేదు. తరవాణి, చద్దియన్నము, చోడి అంబలి మన పూర్వులు తినినవే. మన ఒడియా సోదరులు ఏటేట మార్చి 20వ తేదీన పఖాళ దినమని వేడుకగా జరుపుకొనుచున్నారు. నీళ్ళలో నానిన అన్నమునకు వారు ఒక దినమునే కేటాయించి గౌరవించుచుండగా, మన యిండ్లలో చద్దియన్నమనగానే పిల్లలు ముఖము త్రిప్పుకొనుచున్నారు. చోళ్ళను వారు మాండియా అందురు. 2017లో ఒడిశా ప్రభుత్వము చిరుధాన్యముల పథకము నారంభించిన తరువాత వాటికి మరల మర్యాద కలిగినది. పేరు వారిదైనను గింజ మనదే. అంబలి రెండిండ్లలో ఒక్కటే.

ఇక ఆటలు. ఈ తీరమున దేహబలమునకు పేరు పొందినవారు కొద్దిమంది కారు. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున వ్యాయామము నేర్చి, గొలుసులు తెంచి, కదలుచున్న కార్లను ఆపి దేశమంతట కలియుగ భీముడని పిలువబడిన కోడి రామమూర్తి నాయుడుగారు తుదిదినములు నేటి ఒడిశాలోని బలంగీరున గడిపి 1942లో పరమపదించిరి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పడుచు కరణం మల్లేశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో మొత్తము 240 కిలోల బరువు లెత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్సులో పతకము గెలిచిన మొట్టమొదటి భారత స్త్రీ ఆమెయే. 2010లో ఢిల్లీ కామన్వెల్తు క్రీడలలో బరువులెత్తు పోటీలో స్వర్ణపతకము మన బరంపురపు యువకునికే దక్కినది. వీరఘట్టము, ఊసవానిపేట, బరంపురము: ఇవన్నియు ఒక్క రైలుమార్గమునకు అటునిటు ఉన్న ఊళ్ళే. ఇచటి నీటిలో ఏదో మహిమ ఉన్నదని కొందరందురు. నా యభిప్రాయము వేరు. ఈ ఊళ్ళలో పేటపేటకు ఒక తాలింఖానా ఉండెడిది. సాయంకాలము కాగానే కుర్రవాండ్రు అచట చేరి సాము చేసిరి. నూరుగురు చేరిన చోట ఒక్కడు పేరు తెచ్చుకొనును. మిగిలిన తొంబది తొమ్మండుగురు ఆరోగ్యముగా నుందురు. ఆ తొంబది తొమ్మండుగురే నాకు ముఖ్యము.

మన బుడి ఠాకురాణి యాత్ర సంగతి చూడుడు. రెండేండ్ల కొకమారు చైత్రమాసములో ఊరంతయు కదలును. ఒంటినిండ చారలు వేసికొని పులివేషము కట్టువారు డప్పు దెబ్బకు గంటల తరబడి ఆడుదురు. అది భక్తియా, వినోదమా, వ్యాయామమా అని విడదీసి చెప్పగలవా రెవరు? మూడును ఒక్కటే. పూర్వకాలపు జీవితములో ఆరోగ్యమునకు వేరుగా ఒక గంట, వినోదమునకు వేరుగా ఒక గంట లేవు. ఒక్క ఆటలోనే అన్నియు ఇమిడియుండెను.

నేడు ఆట లేదని నేననను. ఆట చూచుట మితిమీరినది. 2018లోను, 2023లోను పురుషుల హాకీ ప్రపంచ కప్పు పోటీలు మన రాష్ట్రముననే జరిగినవి, అది గర్వకారణము. క్రికెట్టు పోటీలు జరుగు దినములలో మా అంగడిలో కుర్రవాండ్రు తూకము వేయుచునే ఫోనులో పరుగులు లెక్కించుచుందురు. పరుగులు తీయువాడు వేరొకడు, చెమట పట్టునది వేరొకనికి. మనకు మిగులునది మెడనొప్పి.

పిల్లల ఆటలను గూర్చి ఒక చిన్న ముచ్చట చెప్పెదను. మా చిన్నమ్మాయికి ఎనిమిదేండ్లు. ఇంటిలో మేము తెలుగులో అడిగిన ప్రశ్నకు ఒడియాలో బదులు చెప్పుట దానికి అలవాటు. తెలుగు తెలియక కాదు. నోటికి ముందు వచ్చునది అది. ఏడాదిగా ఆదివారము తరగతికి పంపుచున్నాము. అక్షరములు వ్రాయును, మాట కలుపదు. గడచిన వేసవిలో సరిహద్దున కావల నున్న ఇచ్ఛాపురమునుండి మా బావమరది పిల్లలు వచ్చిరి. నలుగురు చేరి సందులో దాగుడుమూతలు, కోతికొమ్మచ్చి ఆడిరి. మూడవనాటి సాయంకాలము నేను అంగడినుండి భోజనమునకు వచ్చునప్పటికి సందు మొగలోనే మా అమ్మాయి గొంతు వినబడినది. "తొండి! తొండి! నేనొప్పుకోను, మళ్ళీ పంటలెయ్యండి!" అని గట్టిగా అరచుచున్నది. నేను గుమ్మమున నిలిచిపోతిని. "తొండి" అను మాటను ఏ వాచకములో నేర్పుదురు? "పంటలు వేయుట", "జట్టు కట్టుట", "కచ్చి" అను మాటలకు ఏ పరీక్షలో మార్కులు వచ్చును? కోపము వచ్చినపుడు, నవ్వు వచ్చినపుడు, తొందరలో నోట వచ్చిన మాటయే మన మాట. ఏడాది తరగతిలో రానిది మూడు సాయంకాలములలో వచ్చినది.

ఆ దినమునుండి ఈ ఆటలను నేను వేరు దృష్టితో చూచుచున్నాను. చెడుగుడులో కూతకు పోయినవాడు ఊపిరి విడువకుండ మాట పలుకవలెను. అది ఊపిరితిత్తులకు వ్యాయామము. 1990లో బీజింగు ఆసియా క్రీడలలో కబడ్డీకి స్థానము లభించి భారతదేశము స్వర్ణము గెలిచినప్పుడు లోకము గుర్తించినది. మన పిల్లలు అంతకు ఎన్నో తరములముందే గుర్తించిరి. వామనగుంటలలో ప్రక్కకు ఏడు చొప్పున పదునాలుగు గుంటలు. చింతగింజలు ఒక్కొక్కటిగా పంచుచు పోవలెను. ఎచట ఆగును, ఎచట ఖాళీ వచ్చును అని ముందుగా లెక్కించినవారిదే గెలుపు. వర్తకుని బిడ్డకు ఇంతకంటె మంచి గణితపాఠ మేమున్నది? పులిమేకలాట, అష్టాచెమ్మ మెదడునకు పదును. చెన్నపట్టణమున తెలుగు కుటుంబములో పుట్టిన గుకేశ్ 2024 డిసెంబరులో, పదునెనిమిదేండ్ల వయసున, చదరంగమున ప్రపంచ విజేత యైనాడు. సొంత రాష్ట్రము వెలుపల పెరిగిన పిల్లవాడు దేనికిని తీసిపోడనుటకు ఇది చాలును.

వినోదమును గూర్చి రెండు మాటలు. తెలుగు పిల్లలకు "రేడియో అన్నయ్య"గా ప్రఖ్యాతుడైన న్యాయపతి రాఘవరావుగారు 1905లో మన బరంపురముననే జన్మించిరి. ఆయనయు, "రేడియో అక్కయ్య" కామేశ్వరిగారును మద్రాసు, తరువాత హైదరాబాదు కేంద్రములనుండి పిల్లల కార్యక్రమములు నడిపిరి. 1945లో "బాల" పత్రికను స్థాపించిరి. పిల్లలచేతనే పాడించి, పిల్లలచేతనే ఆడించి, పిల్లలచేతనే మాటాడించిరి. పిల్లవాడు వినువాడుగా మాత్రమే ఉండరాదు, పాల్గొనువాడుగా ఉండవలెనని ఆయన మార్గము. అంతటివానిని కన్న ఊరిలో నేడు మన పిల్లలు ఒక్కొక్కరు ఒక్కొక్క మూల కూర్చుండి ఒక్కొక్క ఫోను చూచుచున్నారు. పెద్దలమైన మనము వేరొక మూల కూర్చుండి అదియే చేయుచున్నాము.

గంజాం జిల్లాలో ప్రహ్లాద నాటకము ఆడునపుడు తెల్లవారులు జనము కూర్చుండెడిది. ఆ ఒడియా నాటకము నేటి శ్రీకాకుళం జిల్లాలోని జలంతర రాజావారి పేర వెలసినది. రెండు భాషల వారికిని ప్రియమైనది. 1957లో "మాయాబజార్" చిత్రము వచ్చినపుడు బండ్లు కట్టుకొని కుటుంబము కుటుంబముగా పోయి చూచితిమని మా నాయనమ్మ చెప్పెడిది. అందరు ఒక్కసారి నవ్విరి, ఒక్కసారి కన్నీరు పెట్టిరి. ఇంటికి వచ్చుచు దారిపొడుగున దానిని గూర్చియే మాటాడుకొనిరి. నేడు అదే చిత్రము అరచేతిలో చూడవచ్చును. చిత్రము తగ్గలేదు, బొమ్మ తగ్గలేదు. ప్రక్కనుండి నవ్వువాడు తగ్గినాడు. నాకు ఫోనుపై ద్వేషము లేదు. నా వర్తకము సగము దానిపైననే నడచుచున్నది. ఒంటరితనము మీదనే నా ఫిర్యాదు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్రమేర్పడినపుడు మన ఊరు ఇటు వచ్చినది. మన పూర్వులు ఇచటనే ఉండిపోయిరి. ఒడియా మనకు అన్నము పెట్టిన భాష, ఇరుగుపొరుగుల భాష. మన పిల్లలు దానిని చక్కగా మాటాడుట మనకు సంతోషము. పెరటిలో ఆట మొదలైనచో ఒడియా పిల్లలు కూడ రావలెను, రానిండు. ఆట నేర్చువాడు మాటయు నేర్చును. అయితే అమ్మమ్మతో మనుమడు, తాతతో మనుమరాలు మాటాడుటకు భాష మిగులవలెను గదా. ఆ భాష సభలలో చేసిన తీర్మానములవలన మిగులదు. అది నోటిలో మసలుచుండవలెను. నోటిలో మసలుటకు నలుగురు చేరు చోటు కావలెను.

ఆ చోటు మనకు గలదు. ఈ గోడ వెనుకనే గలదు.

ఇపుడు వర్తకునిగా లెక్క చెప్పెదను. కోశాధికారిగారు సూచించిన ఆరు గదులవలన బాడుగ వచ్చుట నిజము. ఆ సొమ్ముతో పేదపిల్లల చదువునకు సాయము చేయవచ్చుననియు, ఆదివారము తరగతి ఉపాధ్యాయునికి జీతము హెచ్చింపవచ్చుననియు వారు చెప్పుచున్నారు. వారి ఉద్దేశము మంచిది. దానిని నేను తేలికగా త్రోసివేయను. జమవైపు ఆ సొమ్ము వ్రాయుదము. ఖర్చువైపు ఏమి వ్రాయవలెను? ఊరిలో ఖాళీ స్థలము దినదినము తగ్గుచున్నది. మా చిన్నతనమున చెడుగుడు ఆడిన చోట్ల నేడు మిద్దెలు లేచినవి. బాడుగ సొమ్ము ఈ యేడు కాకున్న పై యేడు మరియొక విధముగ కూడబెట్టవచ్చును. చందా అడిగిన మన వర్తకులు కాదనరు. గదులు లేచిన తరువాత స్థలమును తిరిగి తెచ్చుట మాత్రము ఎంత చందాకును సాధ్యము కాదు. తిరిగి కొనలేని సరకును అమ్మునపుడు వర్తకుడు రెండుమారు లాలోచించును.

కావున నా సవరణ ఇది. ఆరు గదులకు బదులు వీధివైపు ప్రహరీ వెంబడి రెండు గదులు మాత్రము కట్టుదము. వాటి బాడుగ చదువు సాయమునకే కేటాయింపుదము. మిగిలిన స్థలము ఖాళీగా నుంచుదము. ప్రతిదినము సాయంకాలము ఆరునుండి ఏడు గంటలవరకు తలుపులు తెరచి దీపములు వేయుదము. మధ్య పిల్లలు ఆడుకొనగా గోడ వెంబడి పెద్దలు నడచెదరు. వరండాలో పెద్దతల్లులు వామనగుంటలు పరచి మనుమరాండ్రను కూర్చుండబెట్టుకొందురు. ఆ గంటలో ఫోనులు గుమ్మమునొద్ద బల్లపై నుండును. నా ఫోను మొదట పెట్టెదను. నెలకొక ఆదివారము మన సంఘ సభ్యులైన వైద్యులెవరైన వచ్చి రక్తపోటు, చక్కెర చూచినచో మరియు మేలు. ఆరుగంటలకు అంగడి విడిచి వచ్చుట ఎట్లని వర్తక సోదరులు అడుగుదురు. ఇంటిలో ఎదిగిన కొడుకు కాని కోడలు కాని ఒక గంట గల్లాపై కూర్చుండలేరా? మనము లేకున్న అంగడి ఒక గంట నడచునో నడవదో ఇప్పుడే చూచుకొనుట మంచిది. ఆ మా పొరుగు వర్తకుడు పోయిన మరునాడు ఆయన అంగడి ఆయన లేకుండగనే తెరచిరి.

మొదటి ఆరు నెలల దీపముల ఖర్చు మా అంగడినుండి ఇచ్చెదను. ఆ ఆరు నెలలలో పెరటిలో పిల్లల గొంతులు వినబడనిచో, పెద్దలెవ్వరును నడవనిచో, తరువాతి సర్వసభ్య సమావేశమున గదుల తీర్మానమును నేనే ప్రతిపాదించెదను. అంతవరకు ఆ స్థలమును ఇటుకలనుండి కాపాడుడు.

 తీర్మానమునకు చేతు లెత్తునపుడు మీ యింటి పిల్లలను ఒక్కమారు తలచుకొనుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.